క్రిస్మస్ దినములలో ఇంటివారి ఆరోగ్యము
జలుబు, దగ్గు, జ్వరముల నుండి కుటుంబమును కాపాడుకొనుట ఎలా?

డిసెంబరు మాసము వచ్చిందంటే మన సంఘములలో క్షణము తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్ కూడికలు, సండే స్కూలు పిల్లల నాటికలు, యౌవనస్థుల క్యారల్స్, మందిరానికి సున్నము, ఇంటి మీద నక్షత్రము, అరిసెలకు బియ్యము నానబోయడము, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. హైదరాబాదులోను, బెంగుళూరులోను పనిచేసుకునే పిల్లలు కిక్కిరిసిన బస్సులలో నిలబడి అయినా ఇంటికి చేరుకుంటారు. గల్ఫ్‌లో ఉన్న కుమారుడు ఈ పండుగకే సెలవు దాచుకుంటాడు. ఏడాదంతా ఇద్దరే ముసలివారున్న ఇంటిలో పండుగ వారము పదిహేను మంది పడుకుంటారు. ఇది దేవుడు మనకిచ్చిన సంతోషము.

అయితే ఈ రాకపోకలతోనే ఇంకొకటి కూడా మన ఇండ్లలోనికి వస్తుంది. ఒక బిడ్డ ముక్కు కారడముతో మొదలవుతుంది. నాలుగు రోజులకు ఇల్లంతా దగ్గుతుంది. పండుగ వెళ్లి వారము తిరగకముందే ఎవరో ఒకరిని ఆసుపత్రికి తీసుకొనిపోవలసి వస్తుంది. పెద్దవారికి మూడు రోజుల జలుబుగా పోయే వైరసే రెండు నెలల పసిబిడ్డకు ఊపిరందని జబ్బు కావచ్చు. డెబ్బై ఏళ్ల తాతయ్యకు న్యుమోనియా కావచ్చు. పండుగను తగ్గించుకోమని మేము చెప్పడము లేదు. నాలుగు జాగ్రత్తలు తీసుకుంటే పండుగ సంతోషము జనవరిలో కన్నీరుగా మారకుండా చూచుకోవచ్చునని మాత్రమే చెబుతున్నాము.

చలి వలన జలుబు వస్తుందా?

చల్లనీళ్లు తాగితే, పెరుగు తింటే, జామకాయ కొరికితే జలుబు చేస్తుందని మన పెద్దలు అంటారు. జలుబును కలిగించేది చలి కాదు, వైరస్. కంటికి కనబడని ఈ సూక్ష్మజీవులలో అనేక రకములున్నవి. మామూలు జలుబును ఎక్కువగా కలిగించేది రైనోవైరస్. ఒళ్లునొప్పులతో, అధిక జ్వరముతో మంచాన పడవేసేది ఇన్‌ఫ్లుయెంజా, అనగా ఫ్లూ. పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టి పీడించేది ఆర్.ఎస్.వి. 2020 నుండి మనకు బాగుగా తెలిసిన కరోనా వైరస్ కూడా మనలను విడిచిపోలేదు. మిగతా వాటితో పాటు అది కూడా తిరుగుతూనే ఉన్నది.

మరి చలికాలములో ఇవి ఎందుకు పెరుగుతాయి? చలికి తలుపులు, కిటికీలు మూసుకొని అందరము ఒకే గదిలో ఉంటాము. ఒకరు విడిచిన గాలినే మరియొకరు పీలుస్తాము. పొడిగాలిలో కొన్ని వైరస్‌లు ఎక్కువసేపు బ్రతుకుతాయి. చల్లగాలికి ముక్కులోని పొర తన కాపలా పనిని సరిగా చేయలేదు. మన పల్లెలలో దీనికి తోడు వరి నూర్పిళ్ల దుమ్ము, తెల్లవారుజామున వేసే చలిమంటల పొగ, పండుగ పిండివంటలకు రోజంతా మండే కట్టెల పొయ్యి ఉన్నవి. పొగకు, దుమ్ముకు ఒరిసిపోయిన గొంతు, ఊపిరితిత్తులు వైరస్‌కు తేలికగా లొంగిపోతాయి. వంట పొగ నిండిన ఇండ్లలో పెరిగే చిన్నపిల్లలకు న్యుమోనియా వచ్చే అపాయము దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మన దేశములో ఫ్లూ ఏటా రెండుసార్లు తల ఎత్తుతుంది. ఒకటి వానల కాలములో, రెండవది జనవరి నుండి మార్చి వరకు. అంటే క్రిస్మస్, నూతన సంవత్సరము, సంక్రాంతి సెలవులు సరిగా ఈ రెండవ విడత గుమ్మములోనే వస్తాయన్న మాట.

ఫ్లూను తేలికగా తీసుకోరాదు. 1918లో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలు మార్గముల వెంబడి దేశమంతా ప్రాకి కోటి మందికి పైగా ప్రాణములు తీసింది. 1911 నుండి 1921 వరకు గడచిన పదేండ్లలో దేశ జనాభా పెరుగుటకు బదులు తగ్గిందని జనాభా లెక్కలలో తేలింది. ఇది ఎప్పటిదో పాత కథ అనుకోవద్దు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశములో మొట్టమొదట నిర్ధారణ అయినది హైదరాబాదులోనే, అమెరికా నుండి విమానములో వచ్చిన ఒక ప్రయాణికునిలో. 2015 ఆరంభములో చలి ఉండగానే అదే జబ్బు తెలంగాణను గట్టిగా తాకింది. ఇప్పుడది ఏటేటా వచ్చే ఫ్లూ రకములలో ఒకటిగా స్థిరపడింది.

ఒకరి నుండి ఒకరికి ఎలా ప్రాకుతుంది?

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు, పాడినప్పుడు మన నోటి నుండి తుంపరలు బయటకు వస్తాయి. పెద్ద తుంపరలు దగ్గరున్నవారి మీద పడతాయి. చాలా సన్ననివి మూసిన గదిలో పొగవలె తేలుతూ ఉంటాయి. ముక్కు తుడుచుకున్న చేతితో తలుపు గడియ పట్టుకుంటే, ఆ గడియను పట్టుకొన్న మరియొకరు అదే చేతితో కన్ను నులుముకుంటే, అలాగు కూడా వైరస్ లోపలికి పోతుంది.

ముఖ్యముగా గ్రహించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఫ్లూ సోకినవారు జ్వరము రాకముందు ఒక దినము నుండే ఇతరులకు అంటించగలరు. జబ్బు మొదలైన తరువాత అయిదు నుండి ఏడు రోజుల వరకు అంటిస్తూనే ఉంటారు. చిన్నపిల్లలైతే ఇంకా ఎక్కువ రోజులు. వైరస్ సోకిన ఒకటి నుండి నాలుగు రోజులలో జబ్బు బయటపడుతుంది. ఈ లెక్క చూడండి. ఇరువది రెండవ తేదీన బస్సులో అంటుకొన్న ఫ్లూ ఇరువది నాలుగు రాత్రి ఆరాధనకు మనతో కూడ వస్తుంది. జ్వరము ఇరువది అయిదున కనబడుతుంది. అప్పటికే పక్కన కూర్చున్నవారు అందుకొని ఉంటారు.

పాట వలన కూడా జబ్బు ప్రాకుతుందా అని కొందరు ఆశ్చర్యపోవచ్చు. 2020 మార్చి 10వ తేదీన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో, మౌంట్ వెర్నన్ అను ఊరిలో, స్కాజిట్ వ్యాలీ గాయక బృందము వారు ఒక చర్చి హాలులో రెండున్నర గంటలు సాధన చేశారు. వచ్చినవారు 61 మంది. వారిలో ఒకరికి జలుబు లక్షణములున్నవి. కొద్ది దినములలో ఆయనతోనో ఆమెతోనో కలుపుకొని 53 మందికి కరోనా సోకినట్లు లేదా సోకియుండవచ్చునని తేలింది. ఇద్దరు మరణించారు. పాటలో తప్పు లేదు. మూసిన గది, దగ్గర దగ్గర కుర్చీలు, ఎక్కువ సమయము, ఈ మూడు కలియుటయే అపాయము.

మొదట ఎవరిని కాపాడాలి?

ఇంటిలో అందరికంటె ముందు ఆరు నెలల లోపు పసిబిడ్డలను. వారి శ్వాసనాళములు చాలా సన్ననివి. కొంచెము వాపు, కొంచెము కఫము చేరినా గాలి అందదు. ఆర్.ఎస్.వి. దాదాపు ప్రతి బిడ్డకు రెండేళ్లు నిండేలోగా ఒకసారైనా సోకుతుంది. చాలామందికి జలుబుగానే పోతుంది. కాని నెలలు నిండకుండా పుట్టినవారికి, తక్కువ బరువుతో పుట్టినవారికి, గుండె జబ్బుతో పుట్టినవారికి అది ప్రాణము మీదికి తేవచ్చును.

ఆ తరువాత అరువది ఏండ్లు దాటినవారు, గర్భిణీ స్త్రీలు, ఉబ్బసము, మధుమేహము, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, క్షయ వచ్చి తగ్గినవారు. పురుటికి పుట్టింటికి వచ్చిన కుమార్తె, ఆమె ఒడిలో బిడ్డ, మంచము మీద నాన్నమ్మ, ముగ్గురూ ఒకే ఇంటిలో ఉండగా పండుగకు బంధువులు దిగడము మన పల్లెలలో సాధారణమే. ఆ ఇంటి యజమానుడు, యజమానురాలు ముందుగానే ఆలోచన చేసుకోవాలి.

ఇంటిలో చేయవలసినవి

1. ప్రయాణము చేసి వచ్చినవారు బిడ్డను ఎత్తుకొనక ముందు సబ్బుతో చేతులు, ముఖము కడుగుకొని బట్టలు మార్చుకోవాలి. కాళ్లకు నీళ్లిచ్చే మన అలవాటుకు ఒక సబ్బు బిళ్ల చేర్చితే చాలు. చేతులు కనీసము 20 సెకండ్లు రుద్దుకోవాలి.

2. పసిబిడ్డ ముఖమును, చేతులను ఎవరూ ముద్దు పెట్టుకోరాదు. అంతగా ముద్దు వస్తే పాదములను తాకి సంతోషించండి. జలుబున్న అన్నయ్య, అక్క అయినా సరే తగ్గేవరకు బిడ్డకు దూరముగా పడుకోవాలి. బడి నుండి జలుబును ఇంటికి తెచ్చేది ఎక్కువగా వారే.

3. తల్లికి జలుబు చేసినా పాలు మాన్పించవద్దు. తల్లిపాలలో బిడ్డను కాపాడే శక్తి ఉన్నది. ముక్కుకు, నోటికి మాస్కు గాని శుభ్రమైన గుడ్డ గాని కట్టుకొని, చేతులు కడుగుకొని పాలివ్వాలి. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప తేనె, నీళ్లు, మరేమియు పట్టరాదు.

4. దగ్గు వచ్చినప్పుడు అరచేతిని అడ్డము పెట్టుకొనుట మన అలవాటు. ఆ చేతితోనే వడ్డిస్తాము. దానికి బదులు మోచేతి మడతలో గాని, తువ్వాలులో గాని దగ్గవలెను. పిల్లలకు ఒకసారి ఆటగా నేర్పితే వారే పెద్దలను సరిదిద్దుతారు.

5. పడకగది కిటికీ ఒక్కటైనా కొంచెము తెరచి ఉంచండి. చలి అనిపిస్తే ఇంకొక దుప్పటి కప్పుకోవచ్చు. ఆదిలాబాదు, అరకు వంటి చలి ప్రాంతములవారు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోకూడదు. దాని నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణము తీస్తుంది.

6. జబ్బుపడినవారికి వేరు గ్లాసు, వేరు తువ్వాలు, వీలైతే వేరు గది. గది లేకపోతే వరండాలో మంచము గాలికి మంచిదే. వారికి సేవ చేసే మనిషి ఒక్కరే ఉండాలి, మాస్కు కట్టుకోవాలి.

బంధువులకు ఇవన్నీ చెప్పాలంటే మొగమాటము అడ్డు వస్తుంది. "అత్తయ్యా, ఏమనుకోవద్దు, డాక్టరు గారు నెల రోజులు ఎవ్వరికీ ఇవ్వవద్దన్నారు" అని నవ్వుతూ చెబితే ఎవరూ నొచ్చుకోరు. బాలింతరాలికి ఈ మాట చెప్పే ధైర్యము ఉండకపోవచ్చు. ఆమె తరఫున భర్త గాని, అత్తగారు గాని చెప్పుట మర్యాద.

మందిరములో చేయవలసినవి

కాపరులకు, పెద్దలకు మా మనవి. క్రిస్మస్ అలంకరణ పేరుతో రంగు కాగితములు, గుడ్డలు కట్టి కిటికీలు మూసివేయవద్దు. తలుపులు, కిటికీలు ఎదురెదురుగా తెరచి, పంకాలు తిప్పండి. జనము ఎక్కువైతే ఆవరణలో పక్కలు తెరచిన పందిరి వేసుకొనుట ఉత్తమము. లేదా ఆరాధనను రెండు విడతలుగా జరుపుకోవచ్చు. పసిబిడ్డల తల్లులకు, వృద్ధులకు గాలి వచ్చే ద్వారము దగ్గర చోటు చూపించండి.

కూడికలో ఒకే మైకు చేతులు మారుతూ అందరి నోటి దగ్గరకు పోతుంది. దానికి గుడ్డ తొడుగు వేసి మార్చుచుండవలెను, లేదా స్టాండుకు బిగించి కొంచెము దూరము నుండి పాడవలెను. క్యారల్స్‌కు వెళ్లే యౌవనస్థులు ఎవరి నీళ్ల సీసా వారే తీసుకొనిపోవాలి. జ్వరము, దగ్గు ఉన్నవారు ఆ రాత్రి ఆగిపోవాలి. ఇంటింటికి తిరిగేటప్పుడు వాకిటిలో నిలిచి పాడితే చాలు. పసిబిడ్డ ఉన్న గదిలోనికి ఇరువది మంది దూరనక్కరలేదు.

ప్రభువు బల్ల విషయములో అనేక సంఘములు చిన్న గిన్నెలను వాడుచున్నవి. ఈ పద్ధతి 1890ల దశకములో అమెరికా సంఘములలో అంటువ్యాధుల భయముతోనే మొదలయింది. అయితే వాడిన గిన్నెలను ఒక బకెట్టు నీళ్లలో ముంచి తీసి మరల నింపితే ప్రయోజనము లేదు. సబ్బుతో తోమి, వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ప్రేమ విందులో వడ్డించేవారికి జలుబు ఉండకూడదు. చేతులు కడుగుకొనే చోట సబ్బు ఉండాలి.

చేతులు జోడించి "వందనములు" అనుట మన సంఘములలో తరతరముల అలవాటు. కరచాలనముకంటె అది ఎంతో క్షేమము. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు పిల్లలను తెచ్చేవారు తలకు, చెవులకు కప్పి, చాప మీద దుప్పటి వేసి పడుకోబెట్టండి. నెలల బిడ్డ ఉన్న తల్లి ఆ రాత్రి ఇంటివద్దనే ప్రార్థించుకొనుట భక్తికి లోటు కాదు.

విశ్వాసమున్నవారికి జాగ్రత్త ఎందుకు?

"దేవుడే కాపాడతాడు, ఇవన్నీ ఎందుకు?" అనే మాట మనము వింటూనే ఉంటాము. లేవీయకాండము 13వ అధ్యాయము చదివినవారికి తెలుసును: అంటువ్యాధి అనుమానము ఉన్న మనిషిని ఏడు దినములు వేరుగా ఉంచి మరల చూడవలెనని అక్కడ యాజకునికి నియమము ఉన్నది. ఆ నియమము దేవుని ప్రజలందరి క్షేమము కొరకే. జలుబు చేసినవాడు ఒక ఆదివారము ఇంటివద్ద ఆగిపోతే విశ్వాసము తగ్గినట్లు కాదు. పక్కన కూర్చునే ముసలమ్మను ప్రేమించినట్లు. అలా ఆగిపోయినవారిని సంఘము నిందించకూడదు. సాయంత్రము ఒకరు వెళ్లి గుమ్మము దగ్గర నిలబడి పలుకరించి, క్యారియరులో అన్నము ఇచ్చి రావాలి.

మందుల విషయములో జాగ్రత్త

యాంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు. జలుబు చేసిన ప్రతిసారి మందుల షాపులో అడిగి మూడు గోలీలు మింగితే, నిజముగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకుండా పోతుంది. త్వరగా తగ్గాలని సూది వేయమని ఒత్తిడి చేయుట కూడా మంచిది కాదు. జ్వరమునకు పారాసిటమాల్ చాలు. పిల్లలకు బరువును బట్టి ఎంత ఇవ్వాలో ఏ.ఎన్.ఎం. గారిని గాని డాక్టరును గాని అడగండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

దగ్గు సిరపుల విషయములో మరింత మెలకువ కావాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతములో విషరసాయనము కలిసిన దగ్గు మందు తాగి ఇరువది మందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి మరణించారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖవారు రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు అసలు ఇవ్వరాదని, అయిదేళ్ల లోపువారికి సాధారణముగా అవసరము లేదని తెలియజేశారు. ఏడాది దాటిన బిడ్డకు ఒక చెంచా తేనె, గోరువెచ్చని నీళ్లు గొంతుకు హాయినిస్తాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదము. ఆవిరి పట్టడము పెద్దలకు ఉపశమనమే గాని వైరస్‌ను చంపదు. మరిగే నీళ్ల గిన్నె ఒలికి పిల్లలు కాలిన సందర్భములున్నవి గనుక వారికి వద్దు.

ఫ్లూకు ప్రత్యేకమైన మందు ఉన్నది. జబ్బు మొదలైన రెండు రోజులలోపు మొదలుపెడితే అది బాగుగా పనిచేస్తుంది. కావున వృద్ధులు, గర్భిణులు, దీర్ఘరోగులు జ్వరము, దగ్గు వచ్చిన మొదటి దినమే డాక్టరుకు చూపించుకోవాలి.

టీకాలు పండుగకు ముందే

బిడ్డల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. న్యుమోనియా నుండి కాపాడే పి.సి.వి. టీకా 6 వారములకు, 14 వారములకు, 9 నెలలకు ప్రభుత్వము ఉచితముగా వేస్తున్నది. పెంటావాలెంట్, తట్టు టీకాలు కూడా ఊపిరితిత్తులను కాపాడేవే. ఊరికి వెళ్లామని, పండుగ పని అని తప్పించవద్దు. ఫ్లూ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు, కొనుక్కోవాలి, ఏటా వేయించుకోవాలి. వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసము, మధుమేహము ఉన్నవారు డాక్టరును అడిగి వేయించుకుంటే మంచిది. శక్తి వచ్చుటకు రెండు వారములు పడుతుంది గనుక డిసెంబరు మొదటికే వేయించుకోవాలి.

ఆలస్యము చేయకూడని గుర్తులు

ఈ భాగమును కత్తిరించి గోడకు అంటించుకోండి.

బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట, రొమ్ము పైకి లేచుటను గడియారము పెట్టి ఒక నిమిషము పూర్తిగా లెక్కించాలి. 2 నెలల లోపు బిడ్డ 60 సార్లు గాని అంతకు మించి గాని, 2 నెలల నుండి 12 నెలల లోపు బిడ్డ 50 సార్లు గాని మించి గాని, 1 నుండి 5 ఏండ్ల బిడ్డ 40 సార్లు గాని మించి గాని ఊపిరి తీస్తుంటే అది న్యుమోనియా గుర్తు కావచ్చును. అదే రోజు ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి ఎగబీల్చుకొనుట, పాలు తాగలేకపోవుట, తాగినదంతా కక్కుట, మగతగా పడియుండుట, ఫిట్స్, పెదవులు నీలముగా మారుట, వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే 108కి ఫోను చేయండి. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరము వచ్చినా, ఒళ్లు చల్లబడినా తెల్లవారే వరకు ఆగవద్దు.

పెద్దలలో ఆయాసము, రొమ్ములో నొప్పి, మాట తడబడుట, తగ్గిన జ్వరము మరల తిరిగి వచ్చుట అపాయపు గుర్తులు. సంఘములో ఒక ఆక్సీమీటరు కొని ఉంచుకుంటే పది కుటుంబములకు పనికివస్తుంది. అది 94 కంటె తక్కువ చూపితే ఆసుపత్రికి బయలుదేరాలి. ఇక రెండు వారములు దాటినా విడువని దగ్గును జలుబు అనుకొని ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫము పరీక్ష ఉచితముగా చేస్తారు. అది క్షయ అయితే మందులు కూడా ఉచితమే.

తెలుగు దేశపు సంఘములకు ఆరోగ్య సేవ కొత్త కాదు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వంటివారు తల్లుల కొరకు, బిడ్డల కొరకు తమ జీవితములు ఇచ్చివేశారు. వారంతటి పని మనము చేయలేకపోవచ్చు. కాని ఈ క్రిస్మస్‌కు మందిరము కిటికీలు తెరవగలము, చేతులు కడుగుకొనే చోట సబ్బు బిళ్ల పెట్టగలము, పక్కింటి బాలింతరాలి టీకా కార్డు చదివి పెట్టగలము. ఈ వారమే స్త్రీల సమాజము కూడికలో ఈ వ్యాసమును బిగ్గరగా చదివి, పైన చెప్పిన లెక్కను ప్రతి తల్లికి ఒకసారి చేసి చూపించండి. మీ ఇండ్లలోని పసివారు, పెద్దవారు అందరూ క్షేమముగా నూతన సంవత్సరములో అడుగుపెట్టవలెనని మా ప్రార్థన.